బోర్లించిన గ్లాసు

ఆ రోజు మధ్యాహ్నం తెనాలిలోని ఆ ఇంట్లో ముగ్గురే ఉన్నారు. మేడ గదిలో బల్ల ముందు షహనాజ్. ఆమెకెదురుగా, పొద్దున్నే రేపల్లె బండి దిగి వచ్చిన రోహిత్. ఇద్దరూ కలిసి ‘గూడు’ అనే సాఫ్ట్‌వేర్ కడుతున్నారు. రాయడం రానివాళ్ళు ఫోనుతో మాట్లాడి పని జరుపుకునేలా ఎవరైనా యాప్‌లు చేసుకోవడానికి అది చట్రం. ఎవరికి కావాలన్నా ఉచితం. అందులో ఒక్కొక్కరికీ, తమ గుర్తుమాట చెబితే తెరుచుకునే సొంత అర ఉంటుంది; దాన్నీ గూడనే అంటారు. మూడో మనిషి షహనాజ్ చెల్లెలు ఆలియా. లోపలికీ రాక, బయటికీ పోక, గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్ళ అమ్మ వజీరా చుండూరులో పెళ్ళికి వెళ్ళింది. నాన్న మహమూద్ కిందటేడు వానాకాలంలో పోయాడు కాబట్టి ఉన్నవాళ్ళ లెక్కలోకి రాడు. ఇక బల్ల మీద, మూసి ఉన్న కంప్యూటరు మూత మీద, ఒక టీ గ్లాసు బోర్లించి ఉంది. దాన్ని పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పెట్టింది ఆలియా. నోరు విప్పి చెప్పడం కంటే అదే తేలికనుకుంది, పిచ్చిపిల్ల.

“మళ్ళీ అడుగుతున్నా ఆలియా. ఆఖరుసారి. ఆ గ్లాసు ఎందుకు బోర్లించావు?”

“చెప్పాగా రోహిత్ అన్నయ్యా.”

“ఏం చెప్పావు? ‘పోయింది’ అన్నావు. ఏం పోయింది, ఎట్లా పోయింది అంటే నేలచూపులు. తెల్లారకుండా లేచి బండెక్కి వచ్చింది నీ మౌనవ్రతం చూడ్డానికా?”

“నేను మాట్లాడి నా గూట్లో పెట్టుకున్నా. తర్వాత చూస్తే లేదు.”

“నువ్వే చెరిపేసి ఉంటావు.”

“చెరపలేదు.”

“అయితే అసలు నొక్కే ఉండవు.”

“నొక్కాను. ఎర్రచుక్క వెలిగింది. చూశాను.”

“షహనాజ్, నువ్వన్నా చెప్పు దీనికి.”

“నేనేం చెప్పను రోహిత్. దానికి కావాల్సింది అది కాదు.”

“మరేం కావాలంట?”

“దాన్నే అడుగు.”

“ఏం కావాలి ఆలియా?”

“అది ఎటు పోయిందో తెలియాలి.”

“విన్నావా రోహిత్? ఎటు పోయిందో తెలియదంట! పాలు తాగే పిల్లి కూడా ఇంత బాగా కళ్ళు మూసుకోదు.”

“నిజంగా తెలియదక్కా.”

“సరేలే.”

“సరేలే అంటే కుదరదు షహనాజ్. సాయంత్రంలోపు గూడు బయటికి పోవాలి. ఆ మూత తెరిస్తే ఒక్క బటను, ఒక్క నొక్కు. దాని మీద టీ గ్లాసు! మన పనంతా టీ గ్లాసు ఆపేసిందంటే జనం ఎటు పెట్టి నవ్వుతారో తెలుసా?”

“ఆ పద్ధతి పెట్టింది మనమేగా.”

“పెట్టాం. మహమూద్ బాబాయ్ టీకొట్లో కూర్చుని పెట్టాం. ఇక చాలనుకున్నవాడు గ్లాసు బోర్లిస్తే బాబాయ్ మళ్ళీ పోసేవాడు కాదు. ఎందుకని అడిగేవాడూ కాదు. బోర్లించినవాడే నిలబెట్టాలి. ఇదేదో బాగుంది, మనమూ ఇట్లాగే చేద్దాం, ముగ్గురి గ్లాసులూ నిలబడి ఉంటేనే బయటికి వదులుదాం అనుకున్నాం. సరదాకి అనుకున్నాం తల్లీ!”

“నాన్న సరదాకి చెప్పలేదన్నయ్యా.”

“ఓహో. నోరుందే.”

“నాన్న పేరెత్తకు ఆలియా.”

“నేనెత్తలేదక్కా. అన్నయ్యే...”

“ఎత్తొద్దన్నానా!”

“అబ్బ, మీరిద్దరూ అరుచుకోవద్దు. అరిచేది నేను. నా వంతు ఇంకా అవలేదు. ఇదిగో ఆలియా, నీకు గ్లాసు ఎందుకిచ్చాం? కొల్లూరు బళ్ళో చదివిన పిల్ల, మనుషులతో మాట్లాడదు, ఫోనుతో అన్నా మాట్లాడుతుంది, వాడేవాళ్ళకి ఎక్కడ కష్టమో చెబుతుందని ఇచ్చాం. రోజూ ఏదో ఒకటి మాట్లాడి పెట్టమన్నాం. అవునా?”

“అవును.”

“పొద్దుట్నించి పెట్టి చూస్తున్నాం. ‘కొల్లూరు అరటిపళ్ళు’ అన్నావు మీ అక్క ఫోన్లో. ఎక్కడుంది?”

“నా గూట్లో.”

“ ‘రేపల్లె బండి లేటు’ అన్నా నేను నా ఫోన్లో. ఎక్కడుంది?”

“నీ గూట్లో.”

“ఒక్కటన్నా పోయిందా?”

“లేదు.”

“మళ్ళీ మళ్ళీ జరిగితే అది తప్పు. ఒక్కసారి జరిగి ఇంక జరగకపోతే అది దయ్యం. దయ్యాలకి నేను కోడ్ రాయలేను.”

“ఇంట్లో అందరం వాడే ఆ పాత ఫోన్లో పెట్టి చూద్దామన్నా. మీరే వద్దన్నారు.”

“దానికి సిమ్ము లేదు, ఛార్జింగు నిలవదు. ముసలమ్మలా మూలుగుతోంది. దాంట్లో ఏం చూస్తాం?”

“నేను మాట్లాడింది దాంట్లోనే.”

“సరే, ఒక పని చెయ్యి. ఏం మాట్లాడావో చెప్పు. ట్రయల్లో ఉన్న గూళ్ళన్నీ వెతుకుతా. ఎక్కడ పడినా పట్టుకుంటా.”

“చెప్పను.”

“ఎందుకని?”

“చెబితే నువ్వు వింటావుగా.”

“వినకుండా అది నీదని ఎట్లా పట్టుకోను?”

“అందుకే చెప్పను.”

“షహనాజ్! ఇట్లాంటి శత్రువుని ఇంట్లో పెట్టుకుని ఎట్లా బతుకుతున్నావు నువ్వు?”

“అలవాటైపోయింది.”

“ఏంటమ్మాయ్, కాలేజీలో ఎవడన్నా కుర్రాడి సంగతా? నేనెవరికీ చెప్పనులే.”

“ఛ! అదేం కాదు.”

“నేను అడిగింది ఆలియాని, షహనాజ్. నీకెట్లా తెలుసు అది కాదని?”

“నా చెల్లెలు. నాకు తెలియదా?”

“పోనీ, పోయి ఎన్నాళ్ళయింది ఆలియా?”

“గాలివాన వచ్చి కరెంటు పోయిందే, ఆ రోజు.”

“రెండు వారాలు! ఇన్నాళ్ళూ ఏం చేశావు?”

“మొదట నేనే చెరిపేశాననుకున్నా. రోజూ వెతికా. ఇవాళ వదులుతున్నారని నిన్నేగా తెలిసింది.”

“తెలిసి గ్లాసు పెట్టావు. సరిగ్గా రోహిత్ వచ్చే రోజు చూసి.”

“అన్నయ్య వస్తే ఏంటక్కా?”

“ఏం లేదు. నాతో నీకున్న లెక్క పదిమందిలో తేల్చుకోవాలి. అంతేగా?”

“ఏం లెక్క?”

“నీకు తెలుసు.”

“నాకు తెలియదు.”

“నాకసలే తెలియదు. ఇద్దరూ కలిసి నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నారు. అదుగో, బాపట్ల ఫోను. కుసుమకుమారి గారు. స్పీకర్లో పెట్టు షహనాజ్, ఇదీ వింటుంది.”

“హలో, నమస్తే అండి.”

“ఏమ్మా షహనాజ్, అయిపోయిందా? స్వీట్లు పంచుకున్నారా?”

“అయిపోయినట్టేనండి. చిన్న అడ్డు పడింది.”

“అడ్డేంటి తల్లీ! రేపు పొద్దున్నే ఆడవాళ్ళంతా మా సంఘం దగ్గరికి వస్తున్నారు. ఇళ్ళల్లో తన్నులు తినేవాళ్ళమ్మా వీళ్ళు. స్టేషనుకి పోలేరు. రాసిమ్మంటే రాదు. ఫోనుకి చెప్పుకోండి, మాకు చేరుతుంది, ఇంట్లోవాళ్ళకి వినపడదు అని ఒక్కొక్కళ్ళ చెయ్యి పట్టుకుని చెప్పా.”

“తెలుసండి.”

“హైదరాబాదు కంపెనీవాళ్ళు రోజూ ఫోను. మాది తయారుగా ఉంది, తీసుకోండి, తీసుకోండి అని. వాళ్ళదైతే ఆడవాళ్ళ మాటలన్నీ వాళ్ళ గుప్పిట్లోకి పోతాయంట. మీదైతే ఎవరి సొంతమూ కాదు, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు అనేగా మిమ్మల్ని నమ్ముకుంది!”

“అవునండి. మా చెల్లెలు ఒక్కతే ఒప్పుకోవట్లేదండి.”

“చెల్లెలా? ఏం చదివింది?”

“ఇంటరండి. చదువుతోంది.”

“ఇంటరు పిల్ల కోసం ఆగిందా ఇదంతా! ఇవ్వు ఫోను దానికి. ఏమ్మా పాపా, ఏంటి నీ బాధ?”

“నమస్కారమండి.”

“నమస్కారాలు తర్వాత.”

“నేనొకటి ఫోనుకి చెప్పుకున్నానండి. అది నా దగ్గర లేదండి.”

“పోతే పోయింది. ఇంకోసారి చెప్పుకో.”

“పోతే ఫరవాలేదండి. ఇంకెవరి దగ్గరన్నా ఉందేమోనని...”

“నీ పొరపాటై ఉంటుందిలే.”

“అయ్యుండొచ్చండి. నా పొరపాటైతే నాదొక్కటే పోయిందండి. కాకపోతే... వాళ్ళ ఇళ్ళల్లో ఎన్ని ఫోన్లుంటాయండి?”

“ఇంటికొకటి. అదీ మొగుడి జేబులో. ఒకే ఫోనైనా ఎవరి గూడు వాళ్ళదే, ఎవరి మాటకి వాళ్ళ గూడే తెరుచుకుంటుంది అన్నారు కాబట్టేగా నా ధైర్యం! షహనాజ్, ఉన్నావా? అయిదింటికి మళ్ళీ చేస్తా. అప్పటికి రాకపోతే కంపెనీవాళ్ళని రమ్మంటా. తర్వాత నన్ననొద్దు.”

“వచ్చేస్తుందండి. వచ్చేస్తోంది.”

“పెట్టేసింది. విన్నావా ఆలియా? ఇప్పుడు మనం వదలకపోతే రేపు వాళ్ళ గొంతులన్నీ కంపెనీవాడి పాలు. అది నయమా?”

“కాదు.”

“తెలుసుగా. అయితే తియ్యి గ్లాసు.”

“తియ్యను.”

“నేనే తీసేస్తా.”

“బోర్లించినవాళ్ళే తియ్యాలన్నయ్యా.”

“నాకు చెబుతోంది చూడు! రేపల్లెలో మా ఇంటి ముందు నుంచి పోయే ప్రతివాడూ ‘ఏరా, గూట్లో గుడ్డు పిల్లయిందా?’ అని అడుగుతున్నాడు. మా నాన్న అడగడం కూడా మానేశాడు. అన్నం పళ్ళెం నా వైపు నెడతాడు, అంతే. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నవాడి వైపు పళ్ళెం ఎట్లా నెడతారో చూశావా ఎప్పుడన్నా?”

“చూళ్ళేదన్నయ్యా.”

“రా, మా ఇంటికి. చూపిస్తా. అసలు ఏ పనన్నా ఎప్పుడు పూర్తవుతుందమ్మా? ఇల్లు కట్టేవాణ్ణి అడుగు, ఇంకా ఉంది, ఇంకా ఉంది అంటూనే ఉంటాడు. గృహప్రవేశం ముహూర్తం పెడితేనే అది పూర్తయ్యేది. సున్నాలూ రంగులూ దిగాక వేసుకోవచ్చు. బయటికి వదిలితే పదిమంది చూస్తారు, పదిమంది సరిచేస్తారు. మనం ఓపెన్ సోర్సు అని పెట్టుకుంది అందుకేగా.”

“సున్నం లేకపోయినా ఫరవాలేదన్నయ్యా. తలుపుల్లేకుండా ఎవరూ గృహప్రవేశం చెయ్యరుగా.”

“ఏమన్నావు? ఆలియా, ఏమన్నావిప్పుడు?”

“నీతో కాదక్కా. అన్నయ్యతో.”

“తలుపు అన్నావు. వచ్చావా అక్కడికి? అనుకుంటూనే ఉన్నా, ఎటు తిరిగినా తలుపు దగ్గరికే వస్తావని.”

“ఏ తలుపక్కా?”

“నీ వెనకున్న తలుపు! ఈ గది తలుపు!”

“నేను దీని గురించి అనలేదు.”

“నువ్వు దేని గురించీ అనవు. అన్నం పెడతావు, బట్టలు మడతేస్తావు, పక్కనే పడుకుంటావు, ఏమీ ఎరగనట్టు. నంగనాచి.”

“నువ్వే నాతో మాట్లాడ్డం మానేశావు. రెండు వారాలైంది. ఎందుకో నాకు తెలియదు.”

“ఏం మాట్లాడాలి? అంతా నువ్వే మాట్లాడేశావుగా.”

“ఎప్పుడు మాట్లాడా?”

“చూడు రోహిత్, ఎప్పుడంట!”

“నన్ను లాగొద్దు షహనాజ్. మీ ఇంటి గొడవలు మీ అమ్మగారొచ్చాక తేల్చుకోండి. అయిదవుతోంది. ఆలియా, ఒక్క మాట. మొత్తం చెప్పొద్దు. దేని గురించి మాట్లాడావు, అది ఒక్కటి చెప్పు. దాంతో వెతికి చూస్తా. దొరక్కపోతే గ్లాసు తీసెయ్యి. ఒప్పుకుంటావా?”

“నాన్న గురించి.”

“బాబాయ్ గురించా? దానికింత దాపరికమేంటి? నాన్న గురించి మాట్లాడుకోవడం తప్పా?”

“మామూలుగా కాదు. నాన్న పోయిన రోజు గురించి.”

“ఆ రోజు ఏంటి?”

“నాన్న ఒకటి అడిగాడు.”

“ఏమడిగాడు?”

“వద్దన్నయ్యా.”

“అరె, ఏమడిగాడో చెబితే...”

“వద్దు. అక్క ముందు వద్దు.”

“అక్క ముందు వద్దంట! ఎంత దయ! చెప్పు, నేను చెప్పనా? ‘షహనాజ్ ఏదమ్మా’ అని అడిగాడు. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఇది ‘వస్తోంది నాన్నా’ అంది. మూడోసారి అడగలేదు. సరిపోయిందా? ఇదేగా నాచేత అనిపించాలని!”

“అక్కా...”

“విను రోహిత్, నువ్వూ విను. ఇది వచ్చి ఈ తలుపు కొట్టింది. నేను లోపల్నించి ‘వస్తున్నా’ అన్నా. వచ్చానా? రాలేదు. నాన్నకి నొప్పి అని చెప్పిందో లేదో కూడా వినలేదు. చెవుల్లో నువ్వున్నావు. ‘ఇంకాస్సేపు షహనాజ్, అయిపోయింది, ఇవాళే రేపల్లెకి పంపెయ్యాలి’ అని. ట్రయలుకి మొదటిసారి పంపింది ఆ రోజేగా. గుర్తుందా?”

“గుర్తుంది.”

“ఉందిగా. తలుపు తీసి కిందికొచ్చేసరికి నాన్న లేడు. అయిపోయింది. ఇప్పుడు చల్లబడిందా ఆలియా? తియ్యి ఆ గ్లాసు.”

“అక్కా, నీకెట్లా తెలుసు?”

“ఏది?”

“నాన్న అడిగింది. రెండుసార్లని.”

“నాటకాలొద్దు.”

“అప్పుడు నాన్న దగ్గర నేనొక్కదాన్నే ఉన్నా. అమ్మ ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది. నేను అమ్మకి కూడా చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదక్కా.”

“నాకు చెప్పావుగా!”

“నేనా?”

“నా గూట్లో పెట్టలేదూ? నేను తెరవగానే వినపడేట్టు. మొహం మీద అనే దమ్ము లేక, దొంగచాటుగా.”

“నేను పెట్టలేదు.”

“నీ గొంతే!”

“నా గొంతే. నా గూట్లో పెట్టుకున్నా. అల్లా మీద ఒట్టు అక్కా, నా గూట్లోనే. నీకు వినిపించాలని కాదు. ఎవరికీ వినిపించాలని కాదు. లోపల ఉంచుకోలేక దానికి చెప్పుకున్నా.”

“మరి నా దాంట్లోకి ఎట్లా వచ్చింది? రెక్కలు కట్టుకుని వచ్చిందా?”

“ఆగండి. ఇద్దరూ ఆగండి. షహనాజ్, నువ్వు విన్నదెప్పుడు?”

“ఆ గాలివాన రోజే. కరెంటు రాగానే.”

“ఏ ఫోన్లో?”

“ఆ పాతదాంట్లో. నా ఫోను ఛార్జింగు అయిపోయింది. కరెంటొస్తుందేమోనని చూస్తూ, నా మాట చెప్పి తెరిచి పట్టుకుని కూర్చున్నా. లైట్లు వెలిగాయి. వైఫై వచ్చింది. చూస్తే ఉంది.”

“ఆలియా, నువ్వు?”

“అంతకు ముందే అన్నయ్యా. కరెంటు లేనప్పుడు. వాన చప్పుడుకి ఎవరికీ వినపడదని మాట్లాడా. మాట్లాడి అక్కడ పెట్టేశా. అక్క తీసుకుంది.”

“అదే ఫోను?”

“నాకు వేరే ఫోను లేదుగా.”

“సిమ్ము లేదు. వైఫై లేదు. నువ్వు మాట్లాడింది పోవడానికి దారిలేక ఫోన్లోనే ఆగింది. ఈలోపు నీ గూడు మూసుకుంది, మీ అక్క గూడు తెరుచుకుంది. వైఫై వచ్చింది. ఆగి ఉన్నది బయల్దేరింది. ఎవరి గూటికి పోవాలి? ఎవరు మాట్లాడారో చూడాలి. చూళ్ళేదు. ఎవరి గూడు తెరిచి ఉంటే దాంట్లో దూరింది. ఓరి దేవుడా.”

“పొద్దుట్నించి చూశాంగా రోహిత్? ఒక్కసారీ అట్లా జరగలేదు.”

“ఏం చూశాం! కరెంటుండగా, సిగ్నలుండగా, మన మంచి ఫోన్లలో చూశాం. ఒకే ఫోను ఇద్దరు, అదీ సిగ్నలు లేనప్పుడు... ఆ ఒక్కటే చూళ్ళేదు. షహనాజ్, రేపు బాపట్లలో ఇంటికొకటే ఫోను. ఆ ఇంటావిడ దొడ్లోకి పోయి మాట్లాడుతుంది. సిగ్నలుండదు. తెచ్చి మొగుడి చేతిలో పెడుతుంది. వాడు తన గూడు తెరుస్తాడు. అప్పుడు సిగ్నలొస్తుంది...”

“నోర్ముయ్ రోహిత్.”

“నేను ముయ్యకపోతే ఏంటి! రెండు వారాలు నీ దగ్గరే ఉంది అది. నీ దగ్గర! నువ్వు రాసిన సాఫ్ట్‌వేరు, నీ కళ్ళ ముందు తప్పు చేస్తే, చెల్లెలు ఏడిపించిందనుకుని అలిగి కూర్చున్నావా?”

“నువ్వైతే ఏమనుకునేవాడివి? ‘మా అక్కకి నాన్నకన్నా కంప్యూటరు ఎక్కువ’ అని నీ గూట్లో వినపడితే తప్పు ఎక్కడుందని కోడ్ వెతికేవాడివా?”

“అక్కా, అది...”

“నువ్వు మాట్లాడకు. పంపలేదు. సరే, ఒప్పుకున్నా. కానీ అన్నావుగా?”

“అన్నాను.”

“అనుకునే అన్నావుగా?”

“అవునక్కా. అనుకునే అన్నాను.”

“చాలు. దిగండి ఇద్దరూ కిందికి.”

“ఏం చెయ్యబోతున్నావు? కూర్చుని ఇద్దరం సరిచేద్దాం షహనాజ్. ఆ ముక్క ఎక్కడుందో నాకు తెలుసు.”

“నాకంటే తెలుసా? ఆగినదాన్ని పంపే ముక్క. ఆ రోజు తలుపేసుకుని రాసింది అదే. నువ్వు తొందర పెడుతుంటే, ఇది తలుపు కొడుతుంటే. నా గ్లాసు ఏది? ఆ కిటికీలో ఉంది, ఇటివ్వు. బోర్లించు, దాని పక్కనే. నీది కూడా.”

“అయిదైంది షహనాజ్. ఫోను మోగుతోంది. కుసుమకుమారి గారే.”

“మోగనీ.”

“ఇవాళ లేదంటే కంపెనీవాణ్ణి పిలుస్తుంది ఆవిడ.”

“పిలిస్తే పిలవనీ. ఇది మాత్రం ఇట్లా బయటికి పోదు.”

“నేను మాట్లాడలేను. నా వల్ల కాదు. ఇదిగో ఆలియా, గ్లాసు పెట్టింది నువ్వేగా, నువ్వే మాట్లాడు.”

“నేనా? నేనేం చెప్పనన్నయ్యా... అక్కా, తలుపు వెయ్యకు. అక్కా! నేను లోపల ఒక మూల కూర్చుంటా. మాట్లాడను.”

“తలుపు సందులోంచి చెయ్యి తియ్యి ఆలియా. నలుగుతుంది.”

“ఫోను మోగుతోందక్కా. ఆవిడకి ఏం చెప్పమంటావు?”

“వస్తోందని చెప్పు. నీకలవాటేగా.”